సగం పాటల ఇల్లు

వారంలో ఐదు రోజులు కుందలహళ్ళిలో ఒక కంపెనీలో ఆడియో చిప్పులను పరీక్షించడం నా ఉద్యోగం. శనివారం మాత్రం, మా వీధిలోనే ఒక దోసెల హోటలు మేడ మీద చిన్న గది తీసుకుని, సొంతంగా పాటలు కట్టుకునే బ్యాండ్ల వాళ్ళకు సలహాలు చెబుతాను. పాట ఎలా కట్టాలో కాదు, అది నాకు రాదు. కట్టిన పాటను జనం దగ్గరికి ఎలా తీసుకుపోవాలో చెబుతాను. గోడ మీద తెల్లబోర్డు, దాని మీద పద్నాలుగు అంశాల పట్టిక. బ్యాండు పేరు అన్నిచోట్లా ఒకేలా రాశారా. మిమ్మల్ని పిలవాలనుకున్నవాడికి మీ ఫోను నంబరు మూడు నిమిషాల్లో దొరుకుతుందా. పాటలో ఎవరి వాటా ఎంతో విడుదలకు ముందే కాగితం మీద పెట్టుకున్నారా. ఉచితంగా వాయించిన చోటివాళ్ళు మళ్ళీ ఉచితంగానే రమ్మంటే ఏం చెప్పాలో అనుకున్నారా. అలా సాగుతుంది. పైన దోసెల వాసన, కింద ప్లేట్ల చప్పుడు, మధ్యలో మా చర్చ.

పోయిన నెల నలుగురున్న బ్యాండొకటి వచ్చింది. గిటారు వాయించే అమ్మాయి నోటుపుస్తకం తెరిచి, "సర్, డెమో ఎంతసేపుండాలి?" అని అడిగింది. ఆలోచించకుండానే చెప్పాను. "పల్లవి, ఒక చరణం, మళ్ళీ పల్లవి. అక్కడ ఆపేయండి. మిగతాది వాళ్ళు మిమ్మల్ని పిలిపించుకుని వినాలి." ఆ అమ్మాయి రాసుకుంది. రాసుకుని, "ఇది ఏదైనా కోర్సులో చెప్పిందా సర్?" అంది. "మా అవ్వ చెప్పింది" అన్నాను. నలుగురూ నవ్వారు. నేను పరాచికమాడాననుకున్నారు. వాళ్ళు వెళ్ళాక బోర్డు ముందు నిలబడి ఒక్కొక్క అంశమే చదువుకుంటూ వచ్చాను. పద్నాలుగింటిలో తొమ్మిది చిక్కపేటలో మా అవ్వ ఇంటి హాల్లో నేర్చుకున్నవే. ఆ తొమ్మిదిలో ఒకటి మాత్రం నేర్చుకోవడానికి ముందు తప్పు చేయాల్సి వచ్చింది. ఆ తప్పు గురించి ఇంతవరకూ ఎక్కడా రాయలేదు.

మా ఊరు గౌరిబిదనూరు పక్కన. పదో తరగతి అయ్యాక చదువుకోసం అమ్మ పుట్టింటికి వచ్చి, ఇంజనీరింగు ముగిసేదాకా ఆరేళ్ళు అక్కడే ఉన్నాను. ఇల్లంటే ఒక చీరల హోల్‌సేలు గోడౌను మీద రెండు గదులు, ఒక హాలు, వంటిల్లు, పైన డాబా. వీధిలోంచి నేరుగా పైకి పందొమ్మిది మెట్లు. మొదటి మెట్ల దగ్గర కొత్తబట్టల గంజి వాసన, మధ్యకు వచ్చేసరికి పక్క దుకాణంలోని మేకులకూ గొళ్ళేలకూ పూసిన నూనె వాసన, పైమెట్టు మీద అవ్వ వేయించే కాఫీ గింజల వాసన. కరెంటు పోయిన సాయంత్రాల్లో కూడా ఎన్నో మెట్టు మీదున్నానో ముక్కుతో చెప్పగలిగేవాణ్ణి. ఇంట్లో ముగ్గురు. అవ్వ, అమ్మకు అన్నయ్య వెంకటేశు మామ, అందరికంటే చిన్నది, రుక్మిణి చిన్నమ్మ. మామ భార్య పోయి అప్పటికి చాలా ఏళ్ళు. చిన్నమ్మ పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగే వయసు నాకు వచ్చేసరికి ఇంట్లో ఆ ప్రశ్న పాతబడిపోయింది.

మామది ఆర్కెస్ట్రా. గణేశుడి పండగ మొదలుకుని నవంబరులో కన్నడ రాజ్యోత్సవం దాకా వీధి వీధినా పెండాళ్ళు, ఆ తర్వాత పెళ్ళి రిసెప్షన్లు. సినిమా పాటలు పాడే ఆర్కెస్ట్రాలు ఊళ్ళో చాలా ఉండేవి. మామ కీబోర్డు వాయించేవాడు. ఒక డ్రమ్సు ఆయన, ఒక గాయకుడు, ఒక గాయని, సామానుకొక టెంపో. కార్యక్రమం అయిన మరునాడు పొద్దున మామ డాబా మీద గొంతుక్కూర్చుని వైర్లన్నీ తడిబట్టతో తుడిచి, మోచేతికీ బొటనవేలికీ మధ్య చుట్టి, ఒక్కొక్కదానికీ చీరల మూటలకు కట్టే రంగుదారం ముడి వేసేవాడు. ఎర్రదారం మైకులకు, పచ్చది స్పీకర్లకు, పసుపు కీబోర్డుకు. రంగులు కలిసిపోయిన రోజు ఇంట్లో ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. కీబోర్డు మెట్ల మధ్య దుమ్మును పెయింటు బ్రష్షుతో, పసిబిడ్డ చెవి తుడిచినంత మెల్లగా తుడిచేవాడు. కింద వీధిలో తోపుడుబండ్ల వాళ్ళు దారికోసం అరుస్తూ ఉండేవాళ్ళు. ఆ అరుపుల శ్రుతి ఏదో మామ చెప్పేవాడు.

పెళ్ళివాళ్ళు ఆర్కెస్ట్రాను మాట్లాడుకోవడానికి ఇంటికే వచ్చేవాళ్ళు. అదొక తంతు, దాన్ని నడిపేది అవ్వ. ముందు వాళ్ళను కిటికీకి వీపు పెట్టి కూర్చోబెట్టాలి, వీధి గలాట వాళ్ళ మనసును లాగకుండా. ఎవరింటి పెళ్ళి, పెళ్ళికొడుకుది ఏ ఊరు అని మాట్లాడాలి, తేదీ ఊసు ఎత్తకూడదు. తర్వాత మామ కీబోర్డు మీది గుడ్డ తీసి, "ఏ పాట ఇష్టం మీకు?" అనాలి. వాళ్ళొక పాట పేరు చెబుతారు. హాలు మూలన కుట్టుమిషను దగ్గరున్న చిన్నమ్మ కాలు ఆపి, చేతిసూదిని పైటకు గుచ్చుకుని, కూర్చున్నచోటి నుంచే పాడుతుంది. పల్లవి, చరణం, మళ్ళీ పల్లవి. అక్కడితో రెండు చేతులూ జోడించి, "కాఫీ తీసుకోండి" అంటుంది. ఆ మాటకు అవ్వ వంటింట్లోంచి లోటాలతో వస్తుంది. రెండో చరణం కూడా పాడమని ఎవరైనా అడిగితే అవ్వ ఒకటే మాట. "మిగిలింది మీ పందిట్లో వినప్పా. అంతా ఈడనే వినేస్తే ఆడికొచ్చి ఏం వింటావు?" వాళ్ళు నవ్వేవాళ్ళు. నవ్వినవాళ్ళు బేరమాడడం తక్కువ. ఆరేళ్ళపాటు ఆ హాల్లో నేను వందల పాటలు విన్నాను, అన్నీ సగమే.

చిన్నమ్మ గొంతు గురించి రాయడం నాకు కష్టం. నాకు తెలిసిన కొలతలేవీ దానికి పనికిరావు. పెద్ద గొంతు కాదు. పాడుతున్నప్పుడు ఎవరితోనో ఇంటి విషయం మాట్లాడుతున్నట్టుండేది. వినేవాడు లోటా పట్టుకున్న చేతిని అలాగే ఉంచేసేవాడు. కానీ స్టేజీ మీద పాడేది ఆమె కాదు, మాల. శ్రీరామపురంలో ఉండే మాలకు కన్నడ, తెలుగు, తమిళం మూడూ వచ్చు. పాడుతూ ఆడగలదు, ముందు వరుసలో కూర్చున్న ముసలాయన చేత చప్పట్లు కొట్టించగలదు, ఒక్క సాయంత్రంలో మూడు చీరలు మార్చగలదు. ఆమె పెళ్ళివాళ్ళకు వినిపించడానికి అంతదూరం నుంచి ఊరికే రాదు కాబట్టి ఇంట్లో చిన్నమ్మ పాడడం మొదలైంది. అది అలాగే ఉండిపోయింది. ఇంట్లో విన్న గొంతు వేరు, పందిట్లో విన్న గొంతు వేరు. మోసమని ఇంట్లో ఎవరూ అనుకోలేదు. "వినేదానికి ఒకరు, చూసేదానికి ఒకరు కావల్లప్పా. పెండ్లిలో ఎవురు పాడుతుండారని ఎవురు చూస్తారు?" అనేవాడు మామ. ఆ మాట అన్నప్పుడు కుట్టుమిషను ఆగేది కాదు. మాల స్టేజీ మీద వేసుకునే జరీ జాకెట్లు కుట్టేది కూడా చిన్నమ్మే. పెద్ద కార్యక్రమాలకు, మాల చీరలు మార్చేటప్పుడు సాయానికని సూదీదారం సంచి పట్టుకుని తనూ టెంపోలో వచ్చేది.

ఇంజనీరింగు మూడో ఏడులో నాకు ఆర్కెస్ట్రాను బాగుచేయాలన్న ఆలోచన వచ్చింది. ఒక ఆదివారం కూర్చుని 'మనకు లేనివి' అని పట్టిక రాశాను. మొదటిది, డెమో సీడీ. ఇంటికొచ్చినవాళ్ళు మాత్రమే మన పాట వింటున్నారు, రానివాళ్ళ మాటేమిటి అని నా వాదన. కాలేజీ నుంచి ఒక మంచి మైకు అరువు తెచ్చాను. కిందినుంచి చీరల బేళ్ళు నాలుగు మోయించుకొచ్చి హాల్లో మూడువైపులా పేర్చి, కిటికీకి బొంతలు వేలాడదీశాను. గుడ్డ శబ్దాన్ని ఎలా మింగుతుందో అప్పుడే పాఠాల్లో చదువుకుని ఉన్నాను. ఫ్యాను ఆపాను. వచ్చి ఆరు పాటలు పాడమని చిన్నమ్మను పిలిచాను. ఆమె బేళ్ళ మధ్య నిలబడి చెమట తుడుచుకుంటూ, "కుక్కరు పెట్టొద్దని అమ్మకు చెప్పల్లనా?" అని మాత్రం అడిగింది. చెప్పాలన్నాను. ఆరు పాటలూ, సగం సగం, మధ్యాహ్నం లోపల పాడేసి, మిషను దగ్గరికి వెళ్ళిపోయింది. అది ఎక్కడికి వెళుతుందో ఆమె అడగలేదు, నేను చెప్పలేదు.

ఆ సీడీ నాకు మొదటి వ్యాపార పాఠం. పెళ్ళివాళ్ళు ముందుగా పిలిచేది ఆర్కెస్ట్రాను కాదు, షామియానా ఆయన్ని. తర్వాత వంటవాణ్ణి, పూలవాణ్ణి. 'మంచి పాటలవాళ్ళు ఎవరైనా ఉన్నారా' అన్న ప్రశ్న వాళ్ళకే ఎదురవుతుంది. అందుకని సీడీలు పెళ్ళివాళ్ళకు ఇవ్వలేదు. ఊరంతా తిరిగి షామియానా దుకాణాలకు, వంట కాంట్రాక్టర్లకు, కల్యాణమండపాల మేనేజర్లకు ఇచ్చాను. ఈ రోజుకీ నా బోర్డు మీద రెండో అంశం అదే: మీ పాట వినేవాడు వేరు, మిమ్మల్ని సిఫారసు చేసేవాడు వేరు. కవరు మీద ఎనిమిది వరుసలు అచ్చు వేయించాను. ఆర్కెస్ట్రా పేరు, మామ నంబరు, పాటల జాబితా, స్పీకర్ల శక్తి, ఎంత పెద్ద పందిరికి సరిపోతాయో, టెంపో మాదేనని, అన్నీ ఉన్నాయి. పాడినవాళ్ళ పేరుకు మాత్రం వరుస లేదు. మరిచిపోలేదు. దాని అవసరమేమిటో తోచలేదు. రెండు నెలల్లో ఫోన్లు పెరిగాయి. మామ నా భుజం తట్టి, "ఇంజనీరప్పా" అన్నాడు. సీడీ మాత్రం పెట్టి వినలేదు.

అలా వచ్చిన ఫోన్లలో ఒకటి జిగణి నుంచి. అక్కడి ఫ్యాక్టరీల్లో పనిచేసే తెలుగువాళ్ళు గణేశుణ్ణి పెట్టుకున్నారు, నిమజ్జనం రోజు మధ్యాహ్నం కార్యక్రమం కావాలన్నారు. ఇంటికి రాలేదు, పాట వినలేదు. సీడీ విన్నామన్నారు. కమిటీ పెద్ద నాగన్నది పత్తికొండ వైపు. ఒక ఆదివారం రెండు గంటలకు మేము ఫ్యాక్టరీ షెడ్ల వెనకున్న మైదానంలో స్టేజీ కట్టుకున్నాం. రేకుల మీద ఎండ మెరుస్తోంది, గాలిలో ఇనుము కోసిన వాసన. కూర్చున్నవాళ్ళు మూడు వందల మందికి తక్కువుండరు. షిఫ్టు దిగి స్నానం చేసి తల దువ్వుకుని వచ్చిన మగవాళ్ళు, ఒడిలో పిల్లల్ని పెట్టుకున్న ఆడవాళ్ళు. మాల రెండు పాటలు పాడింది, బాగా పాడింది. చప్పట్లు పడ్డాయి. మూడో పాటకు ముందు నాగన్న స్టేజీ పక్కకు వచ్చి మామను పిలిచాడు.

"అన్నా, ఆయమ్మ యాడ?"

"ఏయమ్మ?"

"సీడీలో పాడినాయమ్మ."

"ఈమే గదప్పా" అన్నాడు మామ, మాల వైపు చూపించి.

నాగన్న తల అడ్డంగా ఊపాడు. కోపం లేదు అతని మొహంలో. "కాదన్నా. ఆ సీడీ షామియానా ఆయప్ప కాడ తీసుకోని మూడు నెలలాయె. మా రూములో ఎనిమిది మందిమి. పొద్దున లేస్తానే అదే ఏస్తాము. మా ఆడోళ్ళు ఊర్లో ఉండారు. ఇంట్లో ఎవురో మాట్లాడినట్లుంటాదని ఏస్తాము. ఆ గొంతు మాకు తెలీదా? ఈయమ్మ బాగనే పాడుతుండాది, కాదనను. ఆయమ్మ కోసమని అందరూ చందాలేసినారు."

మాల అంతా వింది. మైకు స్టాండుకు పెట్టి, పక్కకు వచ్చి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. "అక్కను పిలవండి. జనం అక్కను అడుగుతుండారు, నన్ను కాదు" అంది. చిన్నమ్మ స్టేజీ వెనక తెర చాటున, మాల తర్వాత కట్టుకోబోయే చీర అంచు కుడుతోంది. పళ్ళ మధ్య దారం ఉంది. సీడీ సంగతి ఆమెకు అప్పుడే తెలిసింది. నా వైపు చూసింది. నేను నేల చూశాను. ఏమనుకుందో ఏమో, దారం కొరికి, సూదిని పైటకు గుచ్చుకుని, నూలు చీరలోనే మెట్లెక్కింది.

ఏ పాటో చెప్పాల్సిన పనే లేకపోయింది. సీడీలో మొదటి పాట పల్లవి అందుకోగానే మైదానంలో ఒక కదలిక వచ్చింది, తెలిసినవాళ్ళు వీధిలో ఎదురైనట్టు. వెనకవాళ్ళు లేచి నిలబడ్డారు. చిన్నమ్మ కళ్ళు వాళ్ళ మీద లేవు, కుట్టుమిషను ఉండాల్సిన చోట నేల మీద ఉన్నాయి. చరణం పాడింది. మళ్ళీ పల్లవికి వచ్చింది. అది ముగించి రెండు చేతులూ జోడించి, మైకులోనే, "కాఫీ తీసుకోండి" అంది. వెనక్కి తిరిగి మెట్లు దిగేసింది.

మూడు వందల మంది ఒక్క క్షణం చూసి, ఘొల్లున నవ్వారు. "తీసుకుంటాము, పంపీమ్మా" అని ఎవరో వెనకనుంచి అరిచారు. అది ఎగతాళి కాదు, కానీ ఆమెకు ఆ తేడా తెలిసే స్థితి లేదు. తెర చాటుకొచ్చి గుంజ పట్టుకుని నిలబడింది. మొహం కందిపోయింది. స్టేజీ మీద మామ వాయింపు ఆపలేదు. రెండో చరణానికి ముందు వచ్చే సంగీతాన్నే తిప్పి తిప్పి వాయిస్తున్నాడు, తెర వైపే చూస్తూ. డ్రమ్సు ఆయన కూడా అతని వెంటే తిరుగుతున్నాడు.

"పో చిన్నమ్మా, రెండో చరణం" అన్నాను.

"నాకు రాదురా" అంది. "దినమ్మూ పాడేది అంతవరకేగదా. అవతల ఏముందో నేనెప్పుడన్నా పాడినానా?"

నా దగ్గర ఆ పాట మాటల్లేవు. నా పట్టికలో అలాంటి అంశం లేదు. అప్పుడు మాల లేచి తన సంచిలోంచి పాటల పుస్తకం తీసింది. తెలుగు పాటలు కూడా కన్నడ అక్షరాల్లో రాసుకునే పుస్తకం. పేజీ తిప్పి, "నువ్వు కన్నడ ఇస్కూల్లోనే గదక్కా చదివింది? రా. నేను వేలు పెడతా, నువ్వు పాడు. బేజారు చేసుకోవద్దు" అని చిన్నమ్మ చెయ్యి పట్టుకుని స్టేజీ మీదికి తీసుకుపోయింది. జరీ జాకెట్టూ మెరుపు చీరా కట్టుకున్న మాల పక్కన నిలబడి పుస్తకం పట్టుకుని, వరుస వరుసకూ వేలు జరుపుతుంటే, చిన్నమ్మ రెండో చరణం పాడింది. అక్కడక్కడా తడబడింది. ఒకచోట మాటను ఆలస్యంగా అందుకుంది. అప్పుడు మామ చేతులు ఆమె కోసం ఆగి నిలబడ్డం చూశాను. ఆ గొంతులో రెండో చరణం వినడం మాకందరికీ అదే మొదలు, ఆమెతో సహా.

అందరం టెంపోలో తిరుగు ప్రయాణమయ్యాం. మాల దిగిపోయాక మామ నా మీద పడ్డాడు. "సీడీలో ఆయమ్మ గొంతు పెట్టమని ఎవురు చెప్పినార్రా నీకు? నన్నడిగితివా?" స్పీకరు డబ్బా మీద కూర్చున్న చిన్నమ్మ, బయటికి చూస్తూనే అంది: "నిన్ను అడిగేదెందుకన్నా? గొంతు నీదా?" మళ్ళీ తనే, "పాడమన్నాడు, పాడినా. నేనేమో ఇంట్లో పనే అనుకున్యా. మూడు నెలల నుంచి ఎవురెవురి రూముల్లోనో నేను పాడుతుండానని నాకే తెలీకపాయె." నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. నేను క్షమించమన్నాను. తలూపింది.

మరుసటి వారం ఒక పెళ్ళివాళ్ళు వచ్చారు. కిటికీకి వీపు పెట్టి కూర్చున్నారు, పాట పేరు చెప్పారు, మామ వాయించడం మొదలుపెట్టాడు. కుట్టుమిషను ఆగలేదు. మామ మళ్ళీ మొదటి నుంచి వాయించాడు. మిషను నడుస్తూనే ఉంది. చివరికి అవ్వ కాఫీ ముందే తెచ్చేసింది. నెల రోజులు ఇల్లు అలాగే ఉంది. ఆమె పాడడం మానేస్తే పోయేది బేరాలు మాత్రమే కాదని అప్పుడు తెలిసింది. అంట్లు తోముతూ, బట్టలు ఆరేస్తూ, బొత్తాలు కుడుతూ ఆమె తీసే కూనిరాగాలు కూడా ఆగిపోయాయి. మామ ఒకసారి వైర్లు చుట్టుకుంటూ డాబా మీదినుంచే, "రుక్కూ, వచ్చే సీజనుకు నువ్వే స్టేజీ మీద పాడుదువులే" అని కేకేశాడు, ఉప్పు డబ్బా అందుకోమన్నట్టు. "నాకు పని ఉండాది" అని కిందినుంచి జవాబు వచ్చింది. ఆ జాకెట్ల గుట్ట ముందు కూర్చుని ఆమె ఇక ఎప్పటికీ పాడదేమోనని, దానికి కారణం నేనేనని, పరీక్షల పుస్తకాలు ముందు పెట్టుకుని భయపడుతూ ఉండేవాణ్ణి.

ఇప్పుడు నా దగ్గరికి వచ్చే బ్యాండ్ల దగ్గర నాకంటే మంచి మైకులున్నాయి. వాళ్ళ పాట విడుదలైన సాయంత్రానికే ఏ ఊళ్ళో ఎంతమంది విన్నారో, ఎక్కడ విసుగుపుట్టి ఆపేశారో ఫోనులో చూపిస్తారు. జిగణిలో ఒక గదిలో ఎనిమిది మంది మూడు నెలలపాటు ఒకే సీడీ విన్న సంగతి మాకు ఏ పరికరమూ చెప్పలేదు, నాగన్న వచ్చి చెబితేనే తెలిసింది. సౌకర్యాల విషయంలో ఇప్పుడే మేలు, అందులో నాకు సందేహం లేదు. కానీ ఒక చిన్న గమనిక. నలుగురు పాడిన పాటను ఒకరు ఇంటర్నెట్‌లోకి ఎక్కించేస్తారు, మిగతావాళ్ళకు సందేశం వస్తుంది. వేరే బ్యాండు అమ్మాయి సరదాగా పాడి వెళ్ళిన హమ్మింగు పాటలో ఉండిపోతుంది, పేరు ఉండదు. అడిగామంటారు. ఎలా అడిగారంటే, ఓకేనా అని పంపితే బొటనవేలు బొమ్మ వచ్చిందంటారు. అప్పుడు నేను బోర్డు మీద మొదటి అంశం దగ్గరికి వెళతాను. 'అడిగారా' అని ఉంటుంది అక్కడ. అడగడమంటే ఏమిటో వాళ్ళకు వివరించడం నాకు ఎప్పుడూ సరిగ్గా రాలేదు, అందుకే ఇదంతా రాస్తున్నాను. చిన్నమ్మ ఆ తర్వాత ఏడేళ్ళు ఆర్కెస్ట్రాలో పాడింది, మాలతో కలిసి. డీజేలు వచ్చి ఆర్కెస్ట్రాలకు పిలుపులు తగ్గేదాకా పాడింది. ఆ ఏడేళ్ళు ఎలా మొదలయ్యాయో చెప్పి ముగిస్తాను.

మామ విసిగిపోయి ఒక పొద్దున అవ్వతో, "ఎన్నిసార్లు చెప్పేదమ్మా, ఉలకదు పలకదు" అన్నాడు. అవ్వ కాఫీ గింజలు చెరుగుతూ, "మాలను ఎట్ల పిలుస్తావురా నువ్వు?" అంది. ఆర్కెస్ట్రాల్లో ఒక పద్ధతి ఉండేది. సీజను మొదలయ్యే ముందు, ఆర్కెస్ట్రా యజమాని ప్రతి కళాకారుడి ఇంటికీ స్వయంగా వెళ్ళి తాంబూలం ఇచ్చి పిలవాలి. మామ ఏటేటా ఒక దినమంతా ఆ పని మీదే తిరిగేవాడు, శ్రీరామపురం దాకా. ఒకే ఇంట్లో ఉన్న చెల్లెలికి తాంబూలం ఇవ్వాలని ఎవరికీ ఎప్పుడూ తట్టలేదు. అవ్వ మాటకు మామ లేచి తలస్నానం చేసి, తెల్ల పంచె, తెల్ల చొక్కా వేసుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయాడు. అరగంటకు మెట్ల మీద అడుగులు వినిపించాయి. తెరిచే ఉన్న తలుపు మీద ఎవరో తట్టారు. చూస్తే మామ. చేతిలో ఇత్తడి పళ్ళెం, అందులో తమలపాకులు, వక్క, అరటిపండ్లు, ఒక కవరు. చెప్పులు బయట విడిచాడు.

"రాప్పా, కూచో" అంది అవ్వ, కొత్తవాళ్ళతో అన్నట్టే.

మామ పెళ్ళివాళ్ళ కుర్చీలో, కిటికీకి వీపు పెట్టి కూర్చున్నాడు. మిషను ఆగింది. చిన్నమ్మ లేచి, చీర సర్దుకుని ఎదురుగా కూర్చుంది. ఇద్దరూ కాసేపు ఒకరి మొహం ఒకరు చూడలేదు.

"వచ్చే సీజనుకు మా ఆర్కెస్ట్రాలో పాడల్లని పిలిచేదానికి వచ్చినానమ్మా" అన్నాడు మామ.

"మాలనేం చేస్తారు?"

"మాల ఉంటాది. ఇద్దరూ ఉంటారు."

"నాకు ఎగిరేది రాదు. నిలబడి పాడతా. ఈ చీరలే కట్టుకుంటా."

"సరే."

"శుక్రవారాలు జాకెట్లు ఇచ్చేది ఉంటాది. ఆ దినము రాను."

"సరేమ్మా."

"పేరు అచ్చు వేస్తారా?"

మామ నా వైపు చూశాడు. నేను అప్పటికే కాగితం తీసి ఆమె షరతులు ఒక్కొక్కటిగా రాస్తున్నాను. "రుక్మిణి అని మొదటి వరుసలో వేస్తా చిన్నమ్మా" అన్నాను. "నీ లెక్క తర్వాత చూద్దాములే" అంది నాతో, చాలా రోజులకు పెదవి చివర నవ్వుతూ. మామ పళ్ళెం ముందుకు జరిపాడు. ఆమె తీసుకోలేదు. పళ్ళేన్ని వేలితో తాకి, కళ్ళకద్దుకుని, ఆయన వైపే మళ్ళీ జరిపింది.

"రెండు దినాలు టైమీండి. యోచన చేసి చెప్తా."

తాంబూలం తీసుకుపోయిన ప్రతి ఇంట్లోనూ అలాగే అంటారు కాబోలు. మామ ఏమాత్రం నొచ్చుకోలేదు. కాఫీ తాగాడు, లేచాడు, అవ్వకు దండం పెట్టి, "వస్తానమ్మా" అని చెప్పి, పళ్ళెం పట్టుకుని, చెప్పులు వేసుకుని మెట్లు దిగిపోయాడు. నేను కిటికీలోంచి చూశాను. ఆయనకు పోవడానికి ఇంకో ఇల్లు లేదు. పొద్దుటి ఎండలో, ఇస్త్రీ పంచెతో, తోపుడుబండ్ల పక్కన ఒదిగి నిలబడ్డాడు, పళ్ళేన్ని బండ్లు తగలకుండా ఛాతీకి దగ్గరగా పట్టుకుని. వచ్చిన అతిథి వెళ్ళిపోయినట్టు కనిపించడానికి ఎంతసేపు పడుతుందో లెక్క వేసుకుంటున్నట్టున్నాడు. పావుగంట దాటింది. నా పక్కకు చిన్నమ్మ వచ్చి, కిందికి తొంగిచూసింది. చాలాసేపు చూసింది.

"అన్నను పైకి రమ్మని చెప్పురా" అంది. "అన్నం వండినా, ఆరిపోతాది."